రెండు తెల్ల టోపీల నుంచి ఒక పసుపు టోపీ

అమెజాన్ నదికి దక్షిణాన, బ్రెజిల్‌లోని పారా రాష్ట్రపు అడవుల్లో పిడికిలిలో ఇమిడిపోయే పిట్ట ఒకటి ఉంది. పొడవు తొమ్మిది సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు పది గ్రాముల లోపే. ఒంటి పైభాగమంతా గడ్డిపచ్చ, పొట్ట పసుపు. మగపిట్ట నడినెత్తిన నిగనిగలాడే పసుపు టోపీ ఉంటుంది. ఆడపిట్టకు ఆ టోపీ లేదు, దాని తల కూడా ఆకుపచ్చే. దీని పేరు బంగారు కిరీటపు మానకిన్. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు లెపిడోథ్రిక్స్ విలాస్‌బోయాసి.

చూడటానికి ముచ్చటైన ఆ టోపీ వెనుక పెద్ద చిక్కుముడి ఉంది. ఈ పిట్ట రెండు వేరే జాతుల కలయిక నుంచి పుట్టిన సంకర జాతి అని 2018లో తేలింది. ఆ రెండింటిలో ఒకటి మంచు కిరీటపు మానకిన్. దాని మగపిట్ట నెత్తి అచ్చమైన తెలుపు. రెండోది ఓపల్ కిరీటపు మానకిన్. ఓపల్ అంటే రంగులు తళుక్కుమనే ఒక రత్నం. దాని నెత్తి కూడా దాదాపు తెలుపే కానీ, చూసే కోణాన్ని బట్టి ఆ తెలుపులో లేత నీలం, లేత గులాబీ తళుక్కుమంటాయి. రెండు వంశాల్లోనూ నెత్తిన పసుపు అన్నది లేదు. మరి వీటి సంతానానికి అది ఎక్కడి నుంచి వచ్చింది?

"తెలుపూ ఓపలూ కలిసి పసుపు పుట్టింది" అని ఈ కథను ఒక్క వాక్యంలో ముగించేస్తుంటారు. అలా చెబితే అసలు విషయం చేజారిపోతుంది. ఆ రెండు టోపీలు కలిసినప్పుడు మొదట వచ్చింది మెరుపు కోల్పోయిన ఒక వెలిసిన ఛాయ అయి ఉండాలి. పసుపు ఆ నష్టానికి తర్వాత జరిగిన దిద్దుబాటు. ఈ పరిశోధన మొత్తంలో నన్ను కట్టిపడేసింది ఇదే. ఒక కొత్త అలంకారం రెండు అందాల కలబోతగా పుట్టలేదు, రెండు అందాలు ఒకదాన్నొకటి చెడగొట్టుకున్న తర్వాత పుట్టింది. అది ఎలా జరిగిందో తెలియాలంటే ఈక లోపలి కట్టడాన్ని చూడాలి, అమెజాన్ ఉపనదుల సంగతి తెలుసుకోవాలి, సుమారు 1,80,000 సంవత్సరాలు వెనక్కి వెళ్లాలి.

ముందుగా ఈ పిట్ట మనిషి కంటపడిన వైనం. జర్మనీలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడిన పక్షిశాస్త్రవేత్త హెల్ముట్ సిక్ 1957లో దీన్ని కనుగొన్నారు. 1959లో కొత్త జాతిగా వర్ణిస్తూ విలాస్‌బోయాస్ సోదరుల పేరు పెట్టారు. ఓర్లాండో, క్లాడియో, లియొనార్డో అనే ఆ అన్నదమ్ములు బ్రెజిల్ మూలవాసుల కోసం జీవితాలను ధారపోసినవారు. 1961లో షింగు నది ఒడ్డున మూలవాసుల రక్షిత ప్రాంతం ఏర్పడటంలో వారి కృషి పెద్దది. సిక్ తర్వాత 45 ఏళ్ల పాటు ఈ పిట్ట శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు. 2002లో మళ్లీ దొరికింది. ఇన్నేళ్లూ ఒక అనుమానం దీన్ని వెంటాడింది: ఇది నిజంగా ఒక జాతేనా, లేక పక్కపక్కనే ఉండే రెండు జాతులు ఎప్పుడైనా జతకట్టినప్పుడు పుట్టే సంకర పిట్టలా? అనుమానానికి కారణం లేకపోలేదు. దీని నివాసం చాలా చిన్నది. దానికి ఒక పక్క మంచు కిరీటం, మరో పక్క ఓపల్ కిరీటం.

ఇక ఈక సంగతి. పక్షి ఈకలకు రంగు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది మెలనిన్. నలుపు, బూడిద, గోధుమ వన్నెలు దీనివే. మన జుట్టుకు రంగునిచ్చేది కూడా ఇదే పదార్థం. రెండోది కెరోటినాయిడ్లు. చాలా పక్షుల్లో కనిపించే పసుపు, నారింజ, ఎరుపు వీటి వల్ల వస్తాయి. పక్షి ఒళ్లు వీటిని సొంతంగా తయారు చేయలేదు, తిండి ద్వారా అందాల్సిందే. మానకిన్లు ముఖ్యంగా చిన్న చిన్న అడవి పండ్లు తిని బతుకుతాయి కాబట్టి వాటికి ఆ సరుకు దొరుకుతూనే ఉంటుంది. మూడో దారి అన్నిటికంటే విచిత్రమైనది. అందులో రంగు పదార్థంతో పని లేదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన కట్టడం వెలుతురును చెదరగొట్టే తీరే రంగుగా కనిపిస్తుంది. దీన్ని నిర్మాణ వర్ణం అంటారు.

ఈకకు నడుమ ఒక కాడ, ఆ కాడకు రెండు వైపులా సన్నని పాయలు ఉంటాయి. ఒక పాయను అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే రెండు భాగాలు కనిపిస్తాయి. బయట గట్టి బెరడు. లోపల గుల్లగా, సందుసందునా గాలి నిండిన భాగం. రెండూ కెరటిన్ అనే ప్రొటీన్‌తో కట్టినవే. మన గోళ్లు, వెంట్రుకలు కూడా కెరటినే. పేర్లు దగ్గరగా వినిపించినా కెరటిన్ వేరు, కెరోటినాయిడ్ వేరు. మొదటిది ఈకను కట్టే పదార్థం, రెండోది అందులో చేరే రంగు. ఈ రెండు మాటల తేడా గుర్తుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కెరటిన్‌కు తనదంటూ చెప్పుకోదగ్గ రంగేమీ లేదు. గాలికి అసలే లేదు. అయినా ఈ రెండూ నానోమీటర్ల స్థాయిలో అల్లుకుంటే ధగధగలాడే తెలుపు వస్తుంది, నీలమూ వస్తుంది. సబ్బునీటికి తెలుపు లేకపోయినా దాని నురగ తెల్లగా కనిపించడం ఇలాంటిదే. నీటిపొరలూ గాలిబుడగలూ లెక్కలేనన్ని చోట్ల తగులుకుంటాయి, ప్రతి చోటా వెలుతురు చెదురుతుంది, అన్ని రంగులూ సమానంగా వెనక్కి వస్తే కంటికి అది తెలుపు. ఈక లోపలి గాలిగదుల పరిమాణం, వాటి మధ్య ఎడం ఒక క్రమంలో ఉంటే మాత్రం ఫలితం మారుతుంది. మన కన్ను చూడగలిగే వెలుతురు తరంగాలు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల పొడవుంటాయి. ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. గదుల మధ్య ఎడం ఈ తరంగాలకు తగిన కొలతలో కుదిరితే, ఒక ప్రత్యేకమైన రంగు తరంగాలు ఒకదానికొకటి తోడై బలంగా తిరిగొస్తాయి. మిగతావి పలచబడతాయి.

ఇలాంటి నీలం మనకు కొత్తది కాదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్కల్లోని నీలం ఈ కోవలోనిదే. దసరా నాడు ఆ పిట్ట దర్శనం కోసం పొలాల వెంట వెతికేవారు చూసేది నీలి రంగు పదార్థాన్ని కాదు, కెరటిన్, గాలి కలిసి వెలుతురుతో చేసే పనిని. 1930లలో సి.వి. రామన్ బెంగళూరులో పాలపిట్ట ఈకలను పరిశీలించి, పక్షుల రంగుల పుట్టుక మీద పరిశోధన పత్రం వెలువరించారు. ఆకాశపు నీలం లాగే ఇది కూడా చిన్న చిన్న కణాలు విడివిడిగా చెదరగొట్టే వెలుతురని చాలాకాలం అనుకున్నారు. 1998లో పక్షిశాస్త్రవేత్త రిచర్డ్ ప్రమ్, ఆయన సహచరులు కోటింగా అనే మరో దక్షిణ అమెరికా పక్షి నీలి ఈకలను పరీక్షించి, ఆ గదుల అమరికలో ఒక క్రమం దాగి ఉందని, తరంగాలు కలిసికట్టుగా తోడవడం వల్లే ఆ నీలం వస్తుందని చూపించారు.

రంగు పదార్థానికీ నిర్మాణానికీ తేడా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. కెరోటినాయిడ్ నిండిన పసుపు ఈకను నూరితే పొడి కూడా పసుపుగానే ఉంటుంది. నిర్మాణం వల్ల నీలంగా కనిపించే ఈకను నూరితే నీలం మాయమవుతుంది, అడుగున మెలనిన్ ఉంటే గోధుమ రంగు పొడి మిగులుతుంది. గదులు కూలిపోయాయి, రంగూ పోయింది. రెండు దారులూ కలిసే సందర్భాలూ ఉన్నాయి. పిట్టల్లో చాలా రకాల ఆకుపచ్చ అలా వచ్చినదే. లోపల నీలాన్నిచ్చే నిర్మాణం, దాని మీద పసుపు పదార్థం. రామచిలుక ఆకుపచ్చకూ ఇదే సూత్రం వర్తిస్తుంది, కాకపోతే చిలుకలు తమ పసుపు పదార్థాన్ని తిండి నుంచి తీసుకోకుండా స్వయంగా తయారు చేసుకుంటాయి.

ఇప్పుడు మానకిన్ల నెత్తి మీదకు వద్దాం. మంచు కిరీటపు తెలుపు, ఓపల్ కిరీటపు తళుకు రెండూ నిర్మాణ వర్ణాలే. పాయల లోపలి కెరటిన్ అల్లిక వెలుతురును దండిగా వెనక్కి పంపడం వల్లే ఆ టోపీలు అంత ప్రకాశంగా ఉంటాయి. చూడటానికి రెండూ తెలుపుకు దగ్గరివే అయినా, మైక్రోస్కోప్ కింద వాటి లోపలి అల్లికలు వేరువేరు. ఒకే ఫలితానికి రెండు జాతులు రెండు రకాల కట్టడాలు కట్టుకున్నాయన్నమాట. వాటి సంతతి అయిన బంగారు కిరీటపు పిట్ట పాయల్లో కనిపించింది ఆ రెండింటికీ నడిమి రకం అల్లిక. అది ఇటు తెలుపుకూ పూర్తిగా పనికిరాలేదు, అటు ఓపల్ తళుకుకూ సరిపోలేదు. ఆ టోపీ నుంచి తిరిగొచ్చే వెలుతురును యంత్రంతో కొలిచినప్పుడు, రెండు మూల జాతులకన్నా బాగా తక్కువని తేలింది.

నిర్మాణ వర్ణానికీ రంగు పదార్థానికీ ఉన్న తేడా ఇక్కడ బయటపడుతుంది. రెండు రంగు పదార్థాలు కలిస్తే మధ్యస్థమైన మరో రంగు వస్తుంది. రెండు నిర్మాణాలు కలిస్తే అలా జరగాలని లేదు. వందల నానోమీటర్లలో కుదిరిన కొలతలు కొంచెం అటూఇటూ అయినా మెరుపు దెబ్బతింటుంది. జన్యువుల్లో కొన్ని ఒక కొలత చెబుతూ, మిగతావి ఇంకో కొలత చెబితే తయారయ్యే కట్టడానికి ఏ పనీ సరిగా చేతకాదు.

ఈ నడిమి అల్లిక మీద మరో మార్పు కనిపించింది. బంగారు కిరీటపు పిట్టలో పాయ బయటి బెరడు బాగా మందంగా ఉంది, ఆ బెరడు నిండా కెరోటినాయిడ్లు ఉన్నాయి. పసుపు అక్కడి నుంచి వస్తోంది. ఈ పసుపు పదార్థం వంశానికి కొత్తదేమీ కాదు, ఈ పిట్టల పొట్ట ఎప్పటి నుంచో పసుపే. నెత్తి మీది ఈకల్లో ఇంత మోతాదులో చేరడం, దానికోసం బెరడు దళసరి కావడం కొత్త. లోపలి మెరుపు తగ్గిన చోట బయటి రంగుతో ఆకర్షణను నిలబెట్టుకుంది ఈ జాతి.

ఇదంతా ఎప్పుడు, ఎలా జరిగిందో జన్యువులు చెప్పాయి. టొరంటో విశ్వవిద్యాలయం స్కార్‌బరో క్యాంపస్‌కు చెందిన ఆల్ఫ్రెడో బర్రెరా-గుజ్మన్, జేసన్ వియర్, బెలెం నగరంలోని గోయల్డి మ్యూజియం శాస్త్రవేత్త అలెగ్జాండర్ అలేషో, ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ షాకీ కలిసి ఈ పని చేశారు. మూడు జాతుల డీఎన్ఏలో వేల సంఖ్యలో స్థానాలను పోల్చి చూశారు. బంగారు కిరీటపు పిట్ట జన్యువుల్లో దాదాపు 80 శాతం ఓపల్ కిరీటం వైపు నుంచి, 20 శాతం మంచు కిరీటం వైపు నుంచి వచ్చినట్టు తేలింది. మొదటి తరం సంకర పిట్టలో వాటాలు సగం సగం ఉంటాయి. ఆ పిట్ట మళ్లీ ఓపల్ జాతితో జతకడితే పిల్లల్లో ఓపల్ వాటా సగటున 75 శాతం అవుతుంది. కాబట్టి తొలి కలయిక తర్వాత కూడా కొన్ని తరాల పాటు ఓపల్ వైపు రాకపోకలు ఎక్కువగా సాగి ఉండాలి.

మరి పాత అనుమానం ఎలా తీరింది? రెండు జాతులు ఇప్పటికీ జతకడుతున్న చోట పిట్టపిట్టకూ వాటాలు మారిపోతాయి. ఒకదానిలో సగం ఉంటే పక్కదానిలో పది శాతమే ఉండొచ్చు. బంగారు కిరీటపు పిట్టల్లో ఆ గందరగోళం లేదు. అవి తమలో తాము జతకడుతూ, తరతరాలుగా ఒకే జనాభాగా స్థిరపడిన గుంపు. గణిత నమూనాల ప్రకారం ఆ కలయిక సుమారు 1,80,000 ఏళ్ల నాటిది. రెండు మూల జాతులు ఉమ్మడి పూర్వీకుల నుంచి విడిపోయింది కూడా మరీ పాత సంగతి కాదు, దాదాపు 3,00,000 ఏళ్ల కిందట.

విడిపోయిన జాతులు మళ్లీ ఎలా కలిశాయి, కలిసి పుట్టిన గుంపు మళ్లీ ఎలా ఒంటరిదైంది అన్నది నదుల కథ. అమెజాన్ అడవిలో పెద్ద నదులు చాలా జీవులకు సరిహద్దులని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1852లోనే కోతుల గురించి రాస్తూ గుర్తించారు. చెట్ల నీడలో తిరిగే మానకిన్ లాంటి పిట్టలు కిలోమీటర్ల వెడల్పున్న నీటిని దాటడానికి ఇష్టపడవు. మంచు కిరీటం ముఖ్యంగా మదీరా, తపజోస్ నదుల నడుమ, ఓపల్ కిరీటం తపజోస్‌కు తూర్పున ఉండటానికి కారణం ఇదే. నదుల పుట్టుక చోట్లకు వెళ్లేకొద్దీ నీరు సన్నబడుతుంది, సరిహద్దు పలచబడుతుంది, అవతలి పిట్టలు ఇవతలి పిట్టలను కలుస్తాయి. తపజోస్ ఎగువ ప్రాంతం అలాంటి చోటు. హిమయుగాల్లో వాతావరణం మారినప్పుడల్లా అడవి కుంచించుకుపోవడం, తిరిగి వ్యాపించడం జరిగిందన్నది ఒక వివరణ. అలాంటి ఒక దశలో ఈ సంకర గుంపు మిగతావాటి నుంచి తెగిపోయి ఉండాలి.

ఆ ఒంటరితనమే దాన్ని కాపాడింది. చుట్టూ ధగధగలాడే తెల్ల టోపీల మగపిట్టలు ఉండి ఉంటే, వెలవెలబోయిన టోపీతో తిరిగే సంకర పిట్టకు జోడీ దొరకడం కష్టం. మానకిన్ల కుటుంబంలో ఎంపిక దాదాపు పూర్తిగా ఆడపిట్టది. మగపిట్టలు ఒక చోట చేరి తమ ఒయ్యారాలు ప్రదర్శిస్తాయి, ఆడపిట్ట వచ్చి చూసి ఎంచుకుంటుంది. ఆ తర్వాత గూడు కట్టడం, పిల్లల్ని సాకడం అంతా ఆడపిట్టే ఒంటరిగా చేసుకుంటుంది. మగపిట్ట నుంచి దానికి దక్కేది వంశం ఒక్కటే. అందువల్ల నెత్తి మీది నాలుగు ఈకల మీద ఎంపిక ఒత్తిడి విపరీతంగా పడుతుంది. పైగా ఇదంతా జరిగేది ఎత్తైన చెట్ల కింద, మసక వెలుతురులో. అక్కడ అందిన కాస్త వెలుతురును ఎంత ఎక్కువగా వెనక్కి పంపితే అంత బాగా కనిపించవచ్చు. తెల్ల టోపీల గొప్పతనం అదే. ఆ పోటీ లేని చోట చిక్కుకున్న గుంపులో, ఏదో ఒక మగపిట్ట నెత్తిన కాస్త పసుపు ఎక్కువైనప్పుడు ఆడపిట్టల చూపు అటు మళ్లి ఉండాలి. తరాలు గడిచేకొద్దీ బెరడు మందమైంది, పసుపు చిక్కబడింది.

ఈ కథనంలో కొలిచి తేల్చినదేదో, ఊహించి చేర్చినదేదో విడదీసి చూడటం అవసరం. జన్యువుల వాటాలు, పాయల లోపలి నడిమి అల్లిక, మందమైన పసుపు బెరడు, తగ్గిన ప్రకాశం, ఇవన్నీ పరికరాలతో చూసినవి. మధ్యకాలంలో ఆ వెలిసిన టోపీతో తిరిగిన పూర్వీకులను ఎవరూ చూడలేదు, చూడటం సాధ్యమూ కాదు. అది ఆధారాల నుంచి వెనక్కి లెక్కగట్టిన దశ. పసుపు టోపీ వల్లే ఇతర జాతులతో జతకట్టడం ఆగిపోయిందన్నది కూడా బలమైన అంచనాయే. పరిశోధకులు సైతం "బహుశా" అనే చెప్పారు. ఆ మాటను వదిలేసి ప్రచారం చేయడం ఈ పరిశోధనకు న్యాయం చేయడం కాదు. నా మటుకు నాకు ఆ అంచనా నమ్మదగినదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే దెబ్బతిన్న నిర్మాణం, దాని మీద దళసరి పసుపు పొర, ఈ రెండూ ఒకే పాయలో పక్కపక్కన కనిపించడానికి ఇంతకన్నా సూటి వివరణ దొరకడం లేదు.

వెన్నెముక ఉన్న జంతువుల్లో సంకరం నుంచి స్థిరమైన కొత్త జాతి ఏర్పడటం అరుదు. పక్షుల్లో మరో ప్రసిద్ధ ఉదాహరణ ఇటలీ పిచ్చుక. ఊర పిచ్చుకకూ స్పెయిన్ పిచ్చుకకూ పుట్టిన వంశం అది. గలాపగోస్ దీవుల్లోని డాఫ్నే మేజర్‌పై 1981లో వేరే దీవి నుంచి వచ్చిన ఒక మగ ఫించ్ పిట్ట స్థానిక జాతితో కలిసి మొదలుపెట్టిన వంశాన్ని జీవశాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు తరాల తరబడి గమనించారు. వీటి పక్కన బంగారు కిరీటపు మానకిన్ ప్రత్యేకత ఏమిటంటే, దానికి మూల జాతులు రెండింటిలోనూ లేని అలంకారం ఉంది, ఆ అలంకారం ఎలా తయారైందో ఈక కోతలో కళ్లతో చూడవచ్చు.

ఈ వివరం అడవి సంరక్షణకూ ముఖ్యమే. ఒక పిట్టను అప్పుడప్పుడు పుట్టే సంకరంగా కొట్టిపారేస్తే దాని రక్షణ కోసం ఎవరూ పట్టుబట్టరు. బంగారు కిరీటపు మానకిన్ తనకంటూ చరిత్ర ఉన్న జాతి అని తేలాక ఆ సాకు చెల్లదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలో దీన్ని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చారు. దీని నివాసం ఉన్న పారా నైరుతి భాగం గుండా క్యుయాబా నుంచి సాంటారెం వెళ్లే బీఆర్-163 రహదారి సాగుతుంది. ఆ దారి పొడవునా పశువుల మేత కోసం, కలప కోసం అడవి నరుకుడు దశాబ్దాలుగా జరుగుతోంది. తపజోస్ మీద తలపెట్టిన సావో లూయిజ్ భారీ ఆనకట్ట ప్రతిపాదనను బ్రెజిల్ పర్యావరణ సంస్థ 2016లో పక్కన పెట్టింది. రహదారి వెంట నరుకుడు మాత్రం ఆగలేదు. ఆడపిట్ట నిజంగా పసుపు టోపీనే కోరుకుంటుందా, తెల్ల టోపీని తిరస్కరిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు మ్యూజియంలోని చర్మాల్లో దొరకదు. బతికున్న పిట్టల మధ్య, వాటి ప్రదర్శన చోట్ల దగ్గర పరీక్షించాలి. అందుకు తపజోస్, జమాన్షిం నదుల ఎగువన ఇంకా మిగిలి ఉన్న అడవి నిలబడాలి.